గోడ రాజన్న పక్కన తరాజు

కరీంనగర్‌లో ఎవరినైనా దారి అడిగితే ఉన్న దుకాణం పేరు చెప్పరు, లేని దుకాణం పేరు చెబుతారు. "గా సోడా మిషన్ కాడ ఎడమకు తిరుగు" అంటారు. సోడా మిషన్ ఎప్పుడో పోయింది. దాని తర్వాత వచ్చిన క్యాసెట్ల కొట్టూ పోయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లకు అద్దాలు అంటిస్తున్నారు. ఆ సంగతి చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. అయినా అది సోడా మిషనే. పెళ్లయి ఆదిలాబాద్ దిక్కు నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇది నాకు పెద్ద చిక్కుగా ఉండేది. నేను కళ్లెదుట ఉన్న బోర్డును నమ్మే మనిషిని.

ఆ నమ్మకం మా బాపు నేర్పింది. మా పల్లెకు ఆడపిల్ల నడిచి పోయేంత దగ్గరలో బడి లేదు. అందుకని నాకు బడీ, పంతులూ ఆయనే. పొయ్యిలోని బొగ్గు చల్లారాక దాంతో వాకిట్లో బండ మీద అక్షరాలు రాయించేవాడు. పత్తి అమ్మడానికి ఆదిలాబాద్ పోయినప్పుడు బండి మీద నన్నూ తీసుకుపోయేవాడు. బజారులో ప్రతి దుకాణం ముందూ ఆగి బోర్డు పైకి చదవాలి. చదివితేనే ముందుకు అడుగు. కొన్ని బోర్డుల మీద తెలుగు కింద మరాఠీ, ఉర్దూ కూడా ఉండేవి. "గవి నాకే రావు బిడ్డా. దండం పెట్టి ముందుకు నడువు" అనేవాడు. అట్లా నాకు చదువు నడకతోనే వచ్చింది. ఈ వయసులో కూడా బజారులో నడుస్తుంటే నా పెదవులు వాటంతటవే కదులుతాయి.

దానికి తగ్గట్టే దేవుడు నాకు బోర్డులు రాసే మనిషిని ఇచ్చాడు. మా ఆయన పెయింటరు. కొత్త పెళ్లికూతురిగా బస్టాండులో దిగి రిక్షాలో వస్తూ దారి పొడుగునా నేను బోర్డులు చదువుకుంటూ వచ్చానట. పక్కన కూర్చున్న ఆయన వింటూ వచ్చాడు. ఇల్లు చేరాక మా అత్తమ్మతో, "అవ్వా, నా రాతంత తొవ్వలనే సదువుకున్నది. ఇంక నా గురించి చెప్పేదేం లేదు" అన్నాడు. అప్పటిదాకా ఆ బోర్డుల్లో సగం ఆయన చేతివే అని నాకు తెలియదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డు రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఆయన కుంచెలను ఒక డబ్బాలో పెట్టి మూత వేసి, బండ్లకు రేడియం స్టిక్కర్లు అంటించే పని పెట్టుకున్నాడు. దాని మీదే మా ఇల్లు గడిచింది, బిడ్డ పెళ్లయింది. ఎవరి మీదా మాకు కోపం లేదు.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున ఆయన స్టిక్కరు అంటిస్తూ అంటిస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రిలో ఆయనను లోపలికి తీసుకుపోయి తలుపు వేశాక, ఆ వరండాలో నాకు చేయగలిగిన పని ఒక్కటే మిగిలింది. సమ్మక్క తల్లికి మొక్కాను. "తల్లీ, ఈయన తన కాళ్ల మీద ఇంటికి నడిచొస్తే నీకు నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటా." మా దిక్కున అమ్మకు ఇచ్చే బెల్లాన్ని ఎవరూ బెల్లం అనరు, బంగారం అంటారు. ఎవరి కోసం మొక్కుకున్నామో ఆ మనిషి ఎంత బరువుంటే అంత బంగారం ఆ తల్లి గద్దెల దగ్గర పెట్టాలి.

తల్లి నా మాట విన్నది. ఆయన ఆస్పత్రి మెట్లు దిగి ఆటో దాకా, ఆటో నుంచి ఇంటి గడప దాకా తానే నడిచాడు. అప్పుడు సగానికి సగం చిక్కిపోయి ఉన్నాడు. చొక్కా భుజాల మీద నిలిచేది కాదు. చలికాలం వచ్చేసరికి ముఖంలో రంగు తిరిగింది, కోపం తిరిగి వచ్చింది, కూరలో కారం తక్కువైందనడం కూడా తిరిగి వచ్చింది. ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా నేను లోపల దండం పెట్టుకున్నాను.

జాతర దగ్గర పడింది. మేడారం జనంలోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరే, ఊరి పక్కన రేకుర్తిలో ఉన్న అమ్మ గద్దెల దగ్గరే మొక్కు చెల్లిద్దామనుకున్నాం. కానీ నా మనసులో రెండు ముళ్లు ఉండిపోయాయి. మా దిక్కున అమ్మ దగ్గరికి పోయే ముందు వేములవాడ శివయ్యను, మా రాజన్నను, చూసి రావడం వాడుక. జాతర ముందు రాజన్న దగ్గర నిలబడే లైను తెలిసిందే కదా. ఈయనను అక్కడ నిలబెట్టే ధైర్యం నాకు లేదు. అది ఒకటి.

రెండోది తరాజు. ఈయన చిన్నతనంలో ఎంతకూ దిగని జ్వరం వస్తే మా అత్తమ్మ ఇట్లాగే మొక్కిందట. జ్వరం తగ్గాక గంజులో, అంటే పాత ధాన్యం బజారులో, బెల్లం సేటు దుకాణంలోని పెద్ద తరాజులో కూర్చోబెట్టి జోకించింది. అత్తమ్మ బతికి ఉన్నన్నాళ్లూ చెప్పేది, "గా తరాజుకు వాడు ఎరుకే" అని. ఆస్పత్రి వరండాలో నేను మొక్కినప్పుడు నా కళ్ల ముందు కనిపించింది కూడా ఆ తరాజే. ఒక పళ్లెంలో ఈయన, ఇంకో పళ్లెంలో బంగారం. ఆ తరాజులో ఈయనను కూర్చోబెడితేనే మొక్కు తీరినట్టు అనిపించింది.

మా ఆయన ఒప్పుకోలేదు.

"సందు మలుపుల కిరాణంల కాంటా ఉన్నది. ఎక్కి నిలబడ్త. ఎర్రగ నంబరు వస్తది. గంత బెల్లం కట్టిస్తడు. అయిపాయె."

"నేను నంబరుకు మొక్కలే. మనిషికి మొక్కిన. మనిషి ఒక దిక్కు, బంగారం ఒక దిక్కు, ఎదురెదురుగ ఊగాలె."

"గా సేటు పోయి ఎన్నేండ్లాయె. తరాజు ఇనుప సామాన్లోనికి పోయుంటది."

"పోయి చూద్దాం. డాక్టరు నిన్ను నడువుమన్నడు గద."

"డాక్టరు పార్కుల నడువుమన్నడు. గంజుల గాదు."

"గంజుల గాలి లేదా ఏంది?"

ఆ రోజు ఎండ బాగా పడకముందే బయలుదేరాం. నేను సంచిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకున్నాను. ఆయన చూసి, "తరాజు ఉన్నదో లేదో ఎరుకలేదు, పసుపు మాత్రం తయారు" అన్నాడు. నీళ్ల సీసా మాత్రం తానే పట్టుకున్నాడు.

మేముండే ముకరంపుర నుంచి బస్టాండు దిక్కు నడుస్తుంటే నాకు పండుగలాగే ఉంది. ఆయనతో కలిసి బజారులో నడిచి ఎంత కాలమైందో. రోజూ పార్కులో చుట్లు కొడతాం గానీ, పార్కులో చదవడానికి ఏముంటుంది? "చెత్త వేయరాదు" ఒక్కటే. ఇక్కడైతే కళ్లకు విందు. ఒకప్పుడు టిఫిన్ హోటలు ఉన్నచోట ఇప్పుడు మండీ బిర్యానీ. నేల మీద పరుపులు, మధ్యలో ఇంత పెద్ద పళ్లెం. టాకీసు ఉన్నచోట బట్టల మాలు లేచింది. తలుపులు వాటంతటవే తెరుచుకుంటే చల్లగాలి రోడ్డు దాకా వచ్చి మా ముఖాలకు తగిలింది. నా పెళ్లి జాకెట్టు కుట్టిన దర్జీ దుకాణంలో ఇప్పుడు పెళ్లి బట్టలు అద్దెకు ఇస్తున్నారట. అద్దంలో నిలబెట్టిన బొమ్మకు ఎంత జరీ ఉందో. నేను నిలబడి చూస్తుంటే ఆయన, "కిరాయికి తీస్కుంటవా? నాకేమో మళ్ల పెండ్లి చేస్కునే తాకత్ లేదు" అన్నాడు.

నేను ఉన్నవి చదువుతుంటే ఆయన లేనివి చదివాడు. వేలు పైకెత్తి, "గీడ నా రాత ఉండె. గా మేడ మీద నల్ల బోర్డు, పసుప్పచ్చ అక్షరాలు. నిచ్చెన మీద నిలబడి పొద్దుందాక రాసిన" అనేవాడు. నేను చూస్తే అక్కడ మందుల షాపు ఫ్లెక్సీ నవ్వుతూ ఉంటుంది. ఆయన గొంతులో బాధ లేదు. చుట్టాలిల్లు చూపించినట్టు చూపించుకుంటూ నడిచాడు. ఒక్క వెండి దుకాణం మాత్రం ఉన్నచోటే ఉంది. సన్నటి వెండి తీగతో అల్లిన నెమళ్లు, కుంకుమ భరిణెలు అద్దం వెనక మెరుస్తున్నాయి. మా ఊరి పేరు నిలబెట్టిన పని అది. అక్కడా ఒక దండం పెట్టుకున్నాను.

టవర్ సర్కిల్ దాకా వచ్చాం. గడియారం కింద నీడలో ఆయన్ను కూర్చోబెట్టి నీళ్లు తాగించి గంజు దిక్కు తిరిగాం. ఇక్కడి నుంచే చిక్కు మొదలైంది. నాకు గుర్తున్న గంజు బస్తాల వాసన వేసేది. మిరపకాయ, బెల్లం, గోనెపట్టా, అన్నీ కలిసిన వాసన. ఇప్పుడు కొన్ని పాత దుకాణాలే ఉన్నాయి. మధ్య మధ్యలో సెంటు సీసాలు, చార్జర్లు, ప్లాస్టిక్ డబ్బాలు. ఏ సందు ఏదో పోల్చుకోలేకపోయాం. అంత రాత రాసిన మనిషి కూడా తల గోక్కున్నాడు.

మెట్ల మీద మిషన్ పెట్టుకుని చినిగిన సంచులు కుడుతున్న ఒక ముసలాయనను అడిగాను.

"కాకా, బెల్లం సేటు దుకాణం ఏ దిక్కు ఉండె?"

"ఐసు ఫ్యాక్టరీ దాటంగనే."

మా ఆయన అటూ ఇటూ చూశాడు. "ఐసు ఫ్యాక్టరీ ఏడున్నది?"

"ఇప్పుడు లేదు గద."

"మరి ఎట్ల దాటాలె?"

"లేనిదాన్ని దాటుడు సులువే గద, తమ్మీ" అని ముసలాయన సూది మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

మా ఆయన నవ్వాపుకుంటూ ముందుకు నడిచాడు. ఆ సందులో గాజులమ్మే ఆమె ఒకతె ఎదురైంది. తోపుడు బండి మీద గాజులు రంగుల వారీగా సర్దుకుంటున్నది. ఆమెనూ అడిగాను.

"బెల్లం సేటు ఎవరో నాకెరుకలేదు అక్కా. నేనచ్చి కొన్నేండ్లే. గోడ రాజన్న కాడికి పొండ్రి. గాడ పాతోళ్లు కూసుంటరు, చెప్తరు."

"గోడ రాజన్న ఏంది?"

"ఎరుకలేదా? గోడ మీదనే ఎల్సిండు. సోమారం సోమారం దీపం పెడ్తం. మా బిడ్డ నౌకరికి గాడనే మొక్కిన. అచ్చింది."

నా గుండె ఒక్కసారి తేలికైంది. వేములవాడ పోలేకపోయానని నేను లోలోపల కుమిలిపోతుంటే, రాజన్నే గంజు దాకా వచ్చి నా తొవ్వలో నిలబడ్డాడు. నేను ముందు, ఆయన వెనుక, ఇద్దరం గబగబా నడిచాం. "నడకకు వచ్చినమా, ఉరుకుడుకు వచ్చినమా?" అని ఆయన వెనక నుంచి అంటూనే ఉన్నాడు.

సందు మలుపులో ఒక పాత గోడ. గోడకు మనిషి ఎత్తులో చిన్న ఇనుప జాలీ, జాలీకి బంతిపూల దండ. లోపల గోడ మీద నల్లని లింగం, దాని కింద పసుపు రంగు పానవట్టం. ఎవరో లింగానికి అడ్డంగా విభూతి రేఖలు దిద్దారు. కింద చిన్న అరుగు మీద దీపం వెలుగుతున్నది. పక్కన ఒక ముసలమ్మ కూర్చుని వత్తులు చేస్తున్నది. నేను చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కళ్లు మూసుకున్నాను. ఏం అడగలేదు. వచ్చినందుకు దండం పెట్టాను, అంతే.

కళ్లు తెరిచి చూస్తే ఆయన గోడకు చేయి ఆనించి తల వంచుకుని నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు ఆస్పత్రి వరండా గుర్తొచ్చి ఆయన జబ్బ పట్టుకున్నాను.

"ఏమైంది? నొప్పా? కూసో, కూసో."

ఆయన తల ఎత్తాడు. కళ్ల వెంట నీళ్లు. నవ్వుతున్నాడు.

"నొప్పి గాదే. గీ రాజన్నను గీసింది నేనే."

"నువ్వు రాజన్నను ఎప్పుడు గీసినవ్?"

"రాజన్నను గియ్యలే. బెల్లం గీసిన."

గొంతు తగ్గించి చెప్పాడు. సేటు అప్పట్లో, చదువు రానివాళ్లు కూడా దుకాణాన్ని గుర్తుపట్టేట్టు గోడ మీద బొమ్మ వేయమన్నాడట. ఈయన తరాజు పళ్లెంలో కూర్చున్న బెల్లం దిమ్మను వేశాడు. రంగు కొంచెం ముదురు పడింది. "ఏందిరా, నా బెల్లం గింత నల్లగుంటదా?" అని సేటు అప్పుడే గొణిగాడట. వానలకు, ఎండలకు పైన వేసిన గొలుసులు చెరిగిపోయాయి. దిమ్మ ఇంకా నల్లబడింది. పళ్లెం పానవట్టమైంది. ఎవరు మొదట కుంకుమ పెట్టారో ఆ గోడకే తెలియాలి.

"గీమెకు చెప్పాల్నా?" అన్నాడు ముసలమ్మ దిక్కు చూస్తూ.

నేనూ అటు చూశాను. ముసలమ్మ వత్తిని వేళ్ల మధ్య పేనుతూ, పెదవులతో ఏదో చెప్పుకుంటున్నది.

"ఏమని చెప్తవ్? నువ్వు గీసిననాడు బెల్లం. వీళ్లు మొక్కిననాటి నుంచి రాజన్న. అమ్మకిచ్చే బెల్లం బంగారం అయితలేదా?"

"మరి నేనెట్ల మొక్కాలె? నా చేతి గీతకు నేనే దండం పెట్టుడా?"

"నీకు చెయ్యి ఎవరిచ్చిండ్రు?"

ఆయన చెప్పులు విడిచాడు. దండం పెడుతూ కూడా పెదవి చివర నవ్వు ఆగలేదు. రాజన్న ఏమీ అనుకోడు, ఆయనకు ఇట్లాంటి భక్తులు కొత్త కాదు.

అప్పుడు తట్టింది నాకు. బొమ్మ ఈ గోడ మీద ఉన్నదంటే, సేటు దుకాణం ఈ గోడదే. గోడ వెంట మలుపు తిరిగి ముందుకు వచ్చి చూశాను. బెల్లం దుకాణం లేదు. అద్దాల తలుపు, లోపల పసుపు దీపాలు, చిన్న చిన్న బల్లలు. పైన బోర్డు పైకే చదివాను. చాయ్ దుకాణం. అల్లం చాయ్, బెల్లం చాయ్, ఇంకా నాకు నోరు తిరగని చాయ్‌లు ఏవేవో రాసి ఉన్నాయి. కాలేజీ పిల్లలు కొందరు మట్టి కప్పుల్లో తాగుతున్నారు.

వాళ్ల తలల మీదుగా చూస్తే, దుకాణం మధ్యలో దూలానికి వేలాడుతున్నది తరాజు. అదే. నిలువెత్తు ఇనుప కాడ, గొలుసులు, రెండు పెద్ద పళ్లేలు. పళ్లేల్లో తీగ మొక్కల కుండీలు పెట్టి ఉన్నాయి. తీగలు గొలుసుల వెంట పైకి పాకాయి. మా ఆయనే నన్ను నెమ్మదిగా లోపలికి నడిపించాడు.

గల్లా దగ్గర నలభై ఏండ్ల మనిషి ఒకామె ఉన్నది. "కూసోండి అమ్మా. ఏం చాయ్?" అంది.

"చాయ్ తర్వాత, బిడ్డా. ఒక మనిషిని జోకాలె."

ఆమె నన్నూ, ఆయన్నూ, తరాజునూ చూసింది. నేను మొదటి నుంచీ చెప్పాను, ఆస్పత్రి, మొక్కు, మా అత్తమ్మ మాట. వింటూ వింటూ ఆమె గల్లా వెనక నుంచి బయటికి వచ్చింది. ఆమె సేటు కోడలట.

"మామ పోయినంక బెల్లం దుకాణం నడవలే అమ్మా. అన్ని తీసేసినం. గీ తరాజును ఇనుపోనికి ఇయ్య మనసొప్పలే. జాతరొస్తే మామ గీడ ఎంతమందిని జోకెటోడో. ఏం చెయ్యాల్నో తెలువక చెట్లు పెట్టిన." కొంచెం ఆగి, పైకి చూసింది. "కని ఫికరైతుంది. గిన్నేండ్లు చెట్లే మోసింది. మనిషిని మోస్తదా? కాకకు మొన్ననే పానం బాగలేకుండె అంటున్నరు. పడితే ఎట్ల?"

నేను నిలబడిపోయాను. అంత దూరం వచ్చి, కళ్లతో చూసి కూడా, ఆమె వద్దంటే తప్పు పట్టడానికి లేదు. ఆమె భయం నాదీ కదా.

మా ఆయన కుర్చీ లాక్కుని ఎక్కబోయాడు. నేను చొక్కా పట్టి దించాను. చాయ్ తాగుతున్న పిల్లల్లో పొడుగాటి ఇద్దరు లేచి, బల్ల మీద నిలబడి దూలానికున్న కొక్కేన్ని చూశారు. పాత దూలమే, పాత కొక్కెమే, దీపాలే కొత్తవి. "మంచిగున్నది ఆంటీ, గట్టిగున్నది" అన్నారు. ఆమెకు నమ్మకం చాలలేదు. "ముందు మీరిద్దరు కూసోండ్రి, చూద్దాం" అంది. కుండీలు దించి, చెరో పళ్లెంలో ఒక్కొక్కరు కూర్చున్నారు. తరాజు ఒకసారి కిర్రుమని, తర్వాత ఊయలలాగ ఊగింది. దుకాణమంతా చప్పట్లు కొట్టింది. "ఇగ దిగుండ్రి, గిది జాతర గాదు" అని ఆమె నవ్వింది.

గంజులోనే రెండు దుకాణాల అవతల ఇంకా బెల్లం అమ్ముతున్నారు. తోపుడు బండి మీద దిమ్మలు వచ్చాయి. నేను పళ్లేలు కడిగి, తుడిచి, పసుపు రాసి కుంకుమ పెట్టాను. కొబ్బరికాయ గడప దగ్గర ఆమె చేతనే కొట్టించాను. ఆ తరాజు ఆమె ఇంటిది కదా.

మా ఆయన పళ్లెంలో కూర్చుని మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. కాలు నేలకు తగలకూడదు. ఎదుటి పళ్లెంలో దిమ్మలు పెట్టడం మొదలైంది. ఒకటి తర్వాత ఒకటి పడుతూనే ఉన్నాయి. పళ్లెం కదలదు.

"కాకా, జర గాలి ఇడువు" అన్నాడు ఒక పిల్లగాడు.

"గాలి ఇడిస్తే తగ్గెటట్లుంటే ఎప్పుడో తగ్గేటోన్ని."

"ఆస్పత్రిల సగమైన అన్నవ్ గద" అన్నాను నేను.

"నువ్వు తినబెడ్తివి. నా తప్పా?"

ఒక్కొక్క దిమ్మ పడుతుంటే నాకు ఒక్కొక్క పూట గుర్తొచ్చింది. జావ తాగనని ముఖం తిప్పుకున్న పూట, మొదటిసారి ఇంకొంచెం అన్నం అడిగిన పూట. నాకు చాలనిపించనే లేదు. ఇంకా పడాలి, ఇంకా పడాలి అనుకున్నాను. చివరికి కాడ కదిలింది. ఆయన నేల నుంచి లేచాడు. బంగారం, మనిషి సరిసమానంగా నిలిచారు.

సరిసమానం చాలదు. బంగారం పళ్లెం జర మొగ్గాలి. అమ్మకు ఇచ్చేది తక్కువైందనే మాట రాకూడదు. బండి మీద చూస్తే దిమ్మలు అయిపోయాయి. ఆయన గాలిలో ముడుచుకుని కూర్చుని, "నా కాళ్లు తిమ్మిరెక్కుతున్నయ్, మల్లా చెప్తున్న" అంటున్నాడు. ఎవరో బెల్లం దుకాణానికి పోబోయారు.

"ఆగుండ్రి" అని సేటు కోడలు లోపలికి పోయింది. చాయ్‌లో వేసే డబ్బా పట్టుకుని వచ్చింది. అందులోంచి పెద్ద ముక్క తీసి, కళ్లకద్దుకుని, పళ్లెంలో పెట్టింది. పళ్లెం నెమ్మదిగా కిందికి మొగ్గింది. మా ఆయన ఇంకొంచెం పైకి పోయాడు.

"గీ దుకాణంల బెల్లం ఇంక ఉన్నదన్నట్టే" అన్నాడు పైనుంచి.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఉన్నది కాకా. చాయ్‌ల ఏస్తున్న" అంది.

దించాక ఇద్దరం బెల్లం చాయ్ తాగాం. ఆయన ఎంతో కాలానికి ఆ తీపి నోట్లో ఉంచుకుని తాగాడు. డాక్టరు వద్దన్నదేమోనని నేను అనబోయి మానుకున్నాను. అమ్మ తరాజు కింద తాగిన చాయ్ అది. ఒక దిమ్మ కొట్టి, అక్కడున్న అందరికీ ముక్కలు పంచాం. కుండీలు తిరిగి పళ్లేల్లోకి వెళ్లాయి. ఆమె మాత్రం పళ్లేల అంచులకు రాసిన పసుపు తుడవలేదు. "జాతర అయ్యేదాక ఉండనీ" అంది. తర్వాత, మాటల్లో ఆయన పని తెలిసి, "గోడ రాజన్న రంగు పోతున్నది కాకా. మీరు పెయింటరంటున్నరు, జర చూస్తరా?" అని అడిగింది.

మా ఆయన నా దిక్కు చూశాడు. నేను చాయ్ కప్పులోకి చూశాను.

"ఏస్త" అన్నాడు. "ఐతారం కుంచెలు పట్టుకొస్త. కని ఎవరో ఏసిన బొమ్మ. నేను పక్కల రంగే ఏస్త, రాజన్నను ముట్ట."

బంగారాన్ని ఇంటికి చేర్చడానికి మా ఇంటి పక్కన ఆటో నడిపే ఆయనకు ఫోన్ చేశాను. "ఏడున్నరు చిన్నమ్మా? ఏడికి రావాలె?" అన్నాడు. నేను తల ఎత్తి ఆ అద్దాల దుకాణం బోర్డు మళ్లీ చదివాను. చదివి, "ఐసు ఫ్యాక్టరీ దాటంగనే బిడ్డా, బెల్లం సేటు దుకాణం" అన్నాను. పక్కన మా ఆయన చాయ్ పొలమారేట్టు నవ్వాడు. ఆటో సూటిగా వచ్చి ముందు ఆగింది.

దిమ్మలన్నీ ఎక్కించాక, ఆటోలో ఒక మూల ఆయనకు చోటు చేసి, "ఎక్కు" అన్నాను.

"బంగారాన్ని తీస్కపొమ్మను. నేను నడ్సస్త."

"పొద్దటి నుంచి నడుస్తనే ఉన్నవ్."

"కాళ్ల మీద నడ్సొస్తే ఇస్తనని గద నువ్వు మొక్కింది. ఇయ్యంగ కూడ నడ్వనియ్యి."

ఆటో ముందు పోయింది. ఎదురైన బోర్డు నేను చదువుతుంటే ఆయన అక్కడ ఒకప్పుడున్నది చెప్పుకుంటూ, టవర్ మీదుగా ఇద్దరం ఇంటి దిక్కు నడిచాం. గడియారం కింద ఆగుదామా అని అడిగాను. వద్దన్నాడు.